చొక్కా మడత

కుడిచేతి బొటనవేలి గోరు కింద ఎండిపోయిన ఫెవికాల్ ఇంకా ఉంది. అన్నం కలుపుతున్నప్పుడు కనిపించింది. సబ్బుతో రుద్దినా పోలేదు. ఆయన పడుకున్నారు, చిన్నది పడుకుంది, అత్తయ్యగారి గదిలో టీవీ కూడా ఆగిపోయింది. నేను మాత్రం ఆ గోరు గీక్కుంటూ కూర్చున్నాను. సాయంత్రం నుంచి నా కోపమంతా ఇవాళ బడిలో అతికించిన భిన్నాల చార్టు మీదే అనుకుంటున్నాను. ఇప్పుడు అనుమానం వస్తోంది.

అర్ధసంవత్సర పరీక్షలకు ఇంక తొమ్మిది రోజులు. ఐదో తరగతికి భిన్నాలు పునశ్చరణ చేయించాలి. నిరుడు బోర్డు మీద లెక్కలు వేసి, చూసి రాయిస్తే, చివరకు పిల్లలకు ఏమీ మిగల్లేదు.  ఈసారి పిల్లల చేతే కాగితం పట్టీలు చేయిద్దామని ఆదివారమంతా కత్తెర పట్టుకుని కూర్చున్నాను. ముందు పెళ్లి శుభలేఖలు తీశాను. అవి మందం, రెండో మడతకే మొరాయించాయి. పాత క్యాలెండరు కాగితమే సరిపోయింది. లక్ష్మీదేవి ఉన్న కాగితం ముట్టుకోలేదనీ, తిథులూ నక్షత్రాలూ ఉన్నవే తీశాననీ అత్తయ్యగారి ముందు ఒట్టు వేయాల్సి వచ్చింది.

ఒక్కో పట్టీ 24 సెంటీమీటర్లు. తేలిగ్గా ఉంటుందని మొదట 20 అనుకున్నాను కాని అది మూడుకూ తెగదు, ఆరుకూ తెగదు. 24 అయితే సగానికి 12, మూడుకు 8, నాలుగుకు 6, ఆరుకు 4, ఎనిమిదికి 3. ఇలాంటి అంకె దొరికితే నాకు సంక్రాంతికి చీర దొరికినంత సంబరం. ఈ మాట ఇంట్లో అంటే నవ్వుతారు, అందుకే ఇక్కడ అంటున్నాను.

పిల్లలకు పట్టీలు పంచాను. సగానికి మడవమన్నాను, మడిచారు. మళ్లీ సగం, మళ్లీ సగం. ఇరవై ఆరు మంది ఒకేసారి గోటితో మడత గీటుతుంటే వచ్చే చప్పుడు మీరు వినాలి, తాటాకు మీద చినుకులు పడ్డట్టు ఉంటుంది. విప్పి చూసుకుంటే ఎనిమిది గళ్లు. రెండు గళ్లు కలిపితే పావు, నాలుగు కలిపితే అర. ఎవరూ చెప్పనక్కర లేకుండానే ఒకరి పట్టీ మీద ఒకరు పెట్టి చూసుకుంటున్నారు. పది నిమిషాలు, పోనీ పన్నెండు నిమిషాలు, బ్రహ్మాండంగా గడిచాయి. సంతోషం గురించి ఇంతకన్నా రాయడానికి నాకు చేత కాదు.

తరువాత కొత్త పట్టీతో మూడోవంతు. "ఇది సగం చేసుకుంటూ పోతే వచ్చేది కాదర్రా, స్కేలు తీయండి, 8 దగ్గర ఒక గీత, 16 దగ్గర ఒక గీత" అన్నాను. అందరూ స్కేళ్లు తీశారు, ఒక్కడు తప్ప. మన ఇస్త్రీ బండి వాళ్ల అబ్బాయి. వాడు పట్టీ రెండు కొసలూ లోపలికి తెచ్చి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, అటు కాస్త ఇటు కాస్త జరుపుతున్నాడు. ఇంకా గీటలేదు. మెత్తగా, ఉబ్బుగా పట్టుకుని అంచులు చూసుకుంటున్నాడు. ఆ వేళ్లు ఎంత తాపీగా కదిలాయో ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు నాకు కనిపించింది ఒక్కటే: వీడి దగ్గర స్కేలు లేదు, పక్కవాడిది అడగడం లేదు.

"ఏరా, చెప్పింది వినపడలేదా?" అన్నాను.

"చొక్కా మడతే కదా టీచర్" అన్నాడు.

నేను ఆ పట్టీ తీసుకుని, సాపు చేసి, స్కేలు చేతికిచ్చి గీయించాను. వాడు ఏమీ అనలేదు. గీశాడు.

ఇంతలో పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చారు. ఏ హోదాలో వచ్చారన్నది వదిలేయండి. తిట్టి ఉంటే బాగుండేది, ఎందుకంటే తిడితే ఏం చేయాలో నాకు తెలుసు. ఆయన మెచ్చుకున్నారు. "అద్భుతం మేడమ్, ఇదీ బోధనాభ్యసన సామగ్రి అంటే" అన్నారు. ఫోను తీసి నాలుగు ఫొటోలు తీశారు. పిల్లలను పట్టీలు ఛాతీ దగ్గర పట్టుకుని నిలబడమన్నారు. పట్టీలు మడవడం ఆగింది, పోల్చుకోవడం ఆగింది. ఇరవై ఆరు మందీ పరుగు పందెంలో నంబరు కట్టుకున్నట్టు నిలబడ్డారు. తరువాత, "ఇవన్నీ చక్కగా చార్టు మీద అతికించి గోడకు పెట్టండి, రేపు ఇంకొకరు వస్తారు. నీటుగా ఉన్నవే ఏరండి. అరకు ఒక రంగు, పావుకు ఒక రంగు వేయిస్తే ఇంకా బాగుంటుంది" అని చెప్పి వెళ్లిపోయారు.

అతికించాక అది పట్టీ కాదు, బొమ్మ. నా కోపమంతా అందుకే. పట్టీ ఎందుకంటే చేత్తో తీసి ఇంకో పట్టీ మీద పెట్టడానికి, మడిచి విప్పడానికి, తప్పు మడిస్తే మళ్లీ మడవడానికి. గోడమీద ఎత్తుగా, మెరిసే కాగితం అంచుతో, స్కెచ్ పెన్నుతో పేర్లు రాసి పెట్టినదాన్ని వెనక బెంచీ పిల్లలు తల ఎత్తి చూడాలి. ఐదో రోజుకు గోడ రంగులాగే అదీ కంటికి ఆనదు. మా బడిలో మూడు గోడలు ఇప్పటికే ఇలా నిండి ఉన్నాయి. గోళీలతో పదుల కట్టలు అని ఒక చార్టు ఉంది, గోళీలు బొమ్మ వేసి ఉంటాయి. ఈనెపుల్లల కట్టలు ఫెవికాల్‌తో అట్టకు అంటుకుని ఉంటాయి, విప్పడానికి వీలులేదు. పదుల కట్ట విప్పి ఒకట్లు చేస్తేనే కదా తీసివేతలో అప్పు తేవడం అర్థమయ్యేది! కట్ట విప్పలేని పుల్లలు ఎవరికోసం? పాలపొడి డబ్బా మూతలతో చేసిన గడియారం ఒకటి ఉంది, ముల్లు తిరగదు. అది నేను చేసిందే, 2019లో, దానికి బహుమతి కూడా వచ్చింది.

మధ్యాహ్నం రెండున్నర నుంచి చివరి పీరియడు దాకా అతికించే పనే. నీటుగా ఉన్న పట్టీలు పద్నాలుగు తేలాయి. రంగులు వేయించాను, మెరుపు కాగితం అంటించాను. గోటి కింద ఉన్నది ఆ మధ్యాహ్నమే.

చివరి పీరియడులో మా క్లాసు లీడరమ్మ పలక తెచ్చింది. ఒకటి బై రెండు, ఒకటి బై నాలుగు కూడమంటే రెండు బై ఆరు అని రాసింది. పైవి పైవి కూడింది, కిందవి కిందవి కూడింది. పొద్దున ఇదే పిల్లను పట్టీలు పెట్టి "అర, పావు కలిపితే ఎంతమ్మా?" అంటే క్షణం ఆలోచించకుండా "ముప్పావు" అంది. అనదా మరి! వాళ్లమ్మ ముప్పావు కిలో వంకాయలు తెమ్మంటే చిల్లర సరిచూసుకుని తెచ్చే పిల్ల. పావలా నాణెం 2011లో చెలామణీ నుంచి పోయింది. ఈ పిల్లలంతా ఆ తరువాత పుట్టినవాళ్లే, అయినా పావు అన్న మాట నోటి నుంచి పోలేదు. కాని పలక మీద బై గీత కనిపించగానే ముప్పావు ఎక్కడికో పోయి రెండు బై ఆరు వచ్చింది.

ఇక్కడ చెప్పాల్సింది ఒక్కటే. రెండు బై ఆరు అంటే మూడోవంతే. అది అరకన్నా చిన్నది. నువ్వు అరతో మొదలుపెట్టి, దానికి ఇంకొంత కలిపితే, ఉన్న అరకన్నా తగ్గిపోతుందా? మూడోవంతు పట్టీ తీసి అర పక్కన పెడితే చాలు, మాట కూడా అక్కర లేదు. పెడదామని చూస్తే ఏరిన పట్టీలన్నీ గోడ మీద ఉన్నాయి. నోటితో చెప్పాను. "ఊఁ" అంది. ఆ "ఊఁ" ఎలాంటిదో పాఠం చెప్పేవాళ్లకు తెలుసు.

వస్తూ దారిలో బండి మీద ఎందుకో మామిడిపండ్లు గుర్తొచ్చాయి. కాలం కాని కాలం, అయినా గుర్తొచ్చాయి. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊళ్లో అన్నయ్య, నేను, చెల్లి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకే ఒక్క బంగినపల్లి పండు. అమ్మమ్మ కత్తిపీట ముందేసుకుని కోస్తే రెండు చెక్కలూ ఒక టెంకా వస్తాయి. మేం ముగ్గురం. మామిడిపండును దేవుడు ముగ్గురికోసమే చేశాడేమో అనిపిస్తుంది కాని, చేసేటప్పుడు సమంగా చేయడం మరిచిపోయాడు. టెంకకు పక్కల కండ ఎంత ఉంటుందన్నది అమ్మమ్మ చెయ్యి మీద ఆధారపడేది. టెంక వచ్చినవాళ్లు దాన్ని చీకుతూ మోచేతుల దాకా రసం కార్చుకుని, పీచు తెల్లబడి తాతగారి గడ్డంలా అయ్యేదాకా వదిలేవాళ్లు కాదు. చెక్కలు తిన్నవాళ్లది ఎప్పుడో అయిపోయి, చూస్తూ కూర్చునేవాళ్లు. దాంతో ఒకరోజు టెంక వద్దని ఏడుపు, ఇంకోరోజు టెంకే కావాలని ఏడుపు.

అమ్మమ్మ వంతులు పెట్టింది. ఇవాళ వాడికి టెంక, రేపు నీకు, ఎల్లుండి దానికి. వంటింటి తలుపు వెనక బొగ్గుతో గీతలు. మూడు రోజులు గడిచేసరికి ఒక్కొక్కరికి రెండు చెక్కలూ ఒక టెంకా, అంటే ఒక్కొక్కరికి ఒక పండు. పండును మూడు చేయడం చేతకాకపోతే మూడు పండ్లు అయ్యేదాకా ఆగడం! నేను బి.ఇడి. చదివినప్పుడు కూడా భిన్నాల గురించి ఇంత తెలివైన మాట వినలేదు. అయితే ఒక వేసవిలో రెండో రోజుకే నాన్న వచ్చి అన్నయ్యను తీసుకెళ్లారు. వాడు రెండు రోజులూ చెక్కలే తిన్నాడు. మూడో రోజు వాడి టెంక, అది వాడు తినలేదు కనుక తనకు ఇంకా బాకీ అంటాడు. టెంక ఎగ్గొట్టి చెక్కలు తిన్నది నువ్వు అని మేమంటాం. రాఖీ పండుగకు కలిసినప్పుడల్లా ఈ లెక్క లేస్తుంది, ఇప్పటికీ తేలలేదు.

అమ్మమ్మ దగ్గర అటక మీద కొలతపాత్రలు ఉండేవి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. చూశారా, అన్నీ రెండేసి. కుంచానికి 64 గిద్దలు. అంటే పట్టీని ఆరుసార్లు సగానికి మడిస్తే కుంచం గిద్ద దాకా దిగుతుంది. అణాకు నాలుగు కాణీలు, రూపాయికి పదహారు అణాలు, అక్కడా 64 కాణీలే. అర, పావు, అరపావు, పదహారోవంతుకు వీసం అని నోటికి ఇంత చక్కగా పేర్లున్నాయి కాని మూడోవంతుకు అలాంటి చిన్న పేరు నాకు తట్టదు. "మూడింట ఒకటి" అని వాక్యం చెప్పుకోవాల్సిందే. అందుకే మూడోవంతు మడతకు రాదని అంత ధీమాగా అన్నానేమో. కాని అదే ఊరికి ఉత్తరం రాసినప్పుడు నీలం రంగు ఇన్‌లాండ్ లెటరు ఎన్నిసార్లు మూడుగా మడవలేదు నేను! చీర ఇస్త్రీకి ఇచ్చి, చొక్కా ఇస్త్రీకి ఇచ్చి, మడతపెట్టిన బట్ట బీరువాలో పెట్టే నా కంటికే అది ఎప్పుడూ కనిపించలేదు.

ఇదంతా రాస్తూ ఆ వచ్చినాయన మీద కోపం సగం పోయింది. ఆయన చార్టు అడిగారు, నిజమే. కాని నేను వద్దని అనలేదు. "తప్పకుండా సార్" అన్నాను, నవ్వాను కూడా. మెచ్చుకోలు బాగుంది. అసలు స్కేలు తీయమన్నది ఆయన రాకముందే. గీతలు నీటుగా ఉండాలని నాకే ఉంది.

అలాగని పట్టీలతోనే అంతా వచ్చేస్తుందనీ అనలేను. పట్టీ పెట్టి ముప్పావు అన్న పిల్లే కదా పలక మీద రెండు బై ఆరు రాసింది! పరీక్షలో పట్టీలు ఇవ్వరు. చేతికి తెలిసింది రాతకు దిగడానికి మధ్యలో ఇంకేదో మెట్టు ఉంది, దాన్ని నేను ప్రతి ఏడూ దాటవేస్తున్నాను. పట్టీ పెట్టిన చోటే, దాని పక్కనే, అదే నిమిషంలో రాయించాలేమో. తొమ్మిది రోజుల్లో అయ్యే పనేనా?

రాత్రి పదకొండుకు సంచిలోంచి హాజరు రిజిస్టరు తీస్తే అందులో ఆ ఇస్త్రీ బండి వాళ్ల అబ్బాయి పట్టీ ఉంది. మడత ఒకచోట, పెన్సిలు గీత ఇంకోచోట ఉండటంతో నీటుగా లేదని చార్టుకు ఎక్కించలేదు. అంటే చివరి పీరియడులో లీడరమ్మకు చూపించాల్సిన మూడోవంతు నా బల్ల మీదే, రిజిస్టరు కింద ఉంది. నేనేమో అప్పుడు గోడ మీదవి చూస్తూ నిలబడ్డాను.

చిన్నదాని స్కేలు తెచ్చి కొలిచాను. గీటకముందే లాక్కున్నాను కనుక మడతలు లీలగానే ఉన్నాయి, దీపం కింద పెడితే కనిపిస్తాయి. మూడు భాగాలూ వరసగా 7.9, 8.1, 8 సెంటీమీటర్లు. పెన్సిలు గీత మాత్రం 8కి మూడు మిల్లీమీటర్లు అవతల పడింది. స్కేలు అంచుకూ సున్నా గీతకూ మధ్య కాస్త జాగా ఉంటుంది కదా, వాడు అంచు నుంచి కొలిచాడు. స్కేలు సున్నా నుంచి మొదలవుతుందని నేను చెప్పలేదు.

ఆయన చొక్కా ఒకటి తీసి మంచం మీద బోర్లా పరిచాను. రెండు పక్కలూ వీపు మీదికి మడుస్తుంటే ఎంతకూ సమంగా రావడం లేదు. కాలరు దగ్గర ఎంత వదలాలో తెలియడం లేదు.