భూటాన్‌లో ఆరు రోజులు, అందులో ఒక కొండ

భూటాన్ వెళ్తున్నామని చెప్పగానే అందరూ అన్న మాట ఒకటే: "అక్కడికి వీసా అక్కర్లేదుగా, హాయి." వీసా అక్కర్లేదు, నిజమే. కానీ అనుమతి పత్రం కావాలి. దాని సంగతేమిటో సరిహద్దు ఊరు ఫుయెంట్‌షోలింగ్‌లో వరుసలో నిలబడ్డాక తెలిసింది.

భారతీయులు పాస్‌పోర్టు గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ చూపించాలి. ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి, నాదానికి ఏడు నెలలుంది. మావారి పాస్‌పోర్టు గడువు తీరి రెండేళ్లయింది. "ఓటరు కార్డు ఉందిగా" అని ధీమాగా ఉన్నారు. ఉంది. అందులో ఉన్న మనిషికి ఒత్తయిన జుట్టు, నల్లటి మీసం కూడా ఉన్నాయి.

గుంటూరు నుంచి విజయవాడ వచ్చి, గువాహటి వైపు వెళ్లే రైలెక్కి, ఒకటిన్నర రోజు తర్వాత న్యూ జల్పాయిగురిలో దిగాం. అక్కడి నుంచి తేయాకు తోటల మధ్యగా కారులో జైగావ్ చేరాం. అది మన ఊరు, గోడకు అవతల ఉన్నది వాళ్ల ఫుయెంట్‌షోలింగ్. మర్నాడు ఉదయం కార్యాలయంలో అధికారి కార్డు చూశాడు, మావారిని చూశాడు, మళ్లీ కార్డు చూశాడు. "మీరేనా?" అన్నాడు. "నేనేనండీ, అప్పటి నేను" అన్నారు ఈయన. పక్క బల్ల దగ్గరి అమ్మాయి ఫక్కున నవ్వింది. వేలిముద్రలు, ఫొటో తీసుకుని పంపేశారు. వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: హోటల్ బుకింగు, బీమా, గుర్తింపు కార్డుల నకళ్లు కాగితం మీదే పెట్టుకోండి. సరిగ్గా అవసరమైన నిమిషానికే నా ఫోనులో సిగ్నల్ పోయింది.

సుస్థిరాభివృద్ధి రుసుము అని ఒకటుంది. కరోనా తర్వాత 2022 సెప్టెంబరులో ఆ దేశం మళ్లీ తలుపులు తెరిచినప్పటి నుంచి మనవాళ్లు కూడా మనిషికి రాత్రికి 1,200 రూపాయలు కట్టాలి. ఇద్దరికి ఐదు రాత్రులంటే 12 వేలు. మావారు ఈ లెక్కను ఇంటికొచ్చే దాకా కనీసం పదిసార్లు చెప్పారు. మిగతా దేశాల వాళ్లకు రోజుకు 100 డాలర్లని గైడు చెప్పాక కొంచెం చల్లబడ్డారు.

థింఫూ దాకా ఘాట్ రోడ్డు. మెలికలకు కడుపులో తిప్పడం తప్ప ఆ ఐదు గంటల్లో నాకు పెద్దగా గుర్తున్నది లేదు. థింఫూలో 51 మీటర్ల కంచు బుద్ధుణ్ణి చూశాం. రాజధాని నగరమే అయినా ట్రాఫిక్ లైటు ఒక్కటీ లేదు, పోలీసు చేతులే ఆధారం. ఒకచోట మావారు రోడ్డు దాటబోయి, అలవాటుగా ఆగి, కారును పొమ్మని చెయ్యి ఊపారు. కారులోని మనిషి ఈయన్ను పొమ్మని చెయ్యి ఊపాడు. ఇలా రెండు మూడు సార్లు జరిగింది. నేను నవ్వలేక చచ్చాను.

దోచులా కనుమ దగ్గర మాకు అదృష్టం లేదు. 3,100 మీటర్ల ఎత్తు, 108 చిన్న స్తూపాలు, ఎదురుగా మంచు కొండల వరుస అని విని వెళ్తే మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. నవంబరులో ఆకాశం తేటగా ఉంటుందన్న మాట ఆ మబ్బుకు ఎవరూ చెప్పినట్టు లేదు. కానీ అక్కడి నుంచి పునాఖా లోయలోకి దిగగానే ఎండ కాసింది. ఫో ఛూ, మో ఛూ అని రెండు నదులు, వాళ్ల మాటల్లో తండ్రి నది, తల్లి నది. అవి కలిసేచోట 17వ శతాబ్దంలో కట్టిన కోట ఉంది, తెల్లటి గోడలతో, చెక్క కిటికీలతో. మావారు మో ఛూలో రబ్బరు పడవెక్కారు. నేను ఒడ్డున సంచులకు కాపలా కూర్చున్నాను. కోటను నీళ్ల మీది నుంచి చూడటమే చూడటమని ఆయన ఇప్పటికీ అంటారు. ఆ ఒక్క విషయంలో నాకు అసూయ ఉంది.

అసలు నేను వచ్చింది పారోలోని తక్త్‌సాంగ్ కోసం. పులిగూడు అంటారు. కొండచరియకు అతుక్కున్నట్టుండే మఠం, 3,120 మీటర్ల ఎత్తులో. బౌద్ధ గురువు పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరొచ్చి అక్కడి గుహలో ధ్యానం చేశాడని నమ్మకం. 1692లో కట్టారు, 1998లో నిప్పంటుకుంది, మళ్లీ కట్టారు. నా మోకాళ్ల కోసం రెండు నెలలుగా ఆదివారాలు కోటప్పకొండ మెట్లెక్కాను. మావారు "అలిపిరి మెట్లెక్కినవాణ్ణి నేను" అని ఏ సాధనా చెయ్యలేదు.

ఏడింటికి మొదలుపెట్టాం. మెట్లు కాదు, పైన్ చెట్ల మధ్య దుమ్ము దారి. కింద ఒక కర్ర అద్దెకు తీసుకున్నాను, నేను పెట్టిన ఖర్చుల్లో అదే ఉత్తమమైనది. మొదటి గంటలో కాళ్లకేమీ కాలేదు, ఊపిరే అందలేదు. ఇరవై అడుగులు వెయ్యడం, ఆగడం. అలిపిరి వీరుడు నాకన్నా ముందే ఒక బండ మీద కూలబడ్డారు. గుర్రాలు సగం దారిలోని ఫలహారశాల దాకానే వెళ్తాయి, దిగేటప్పుడు ఎవరినీ ఎక్కించుకోవు.

మా గైడు మోకాళ్ల దాకా వచ్చే 'ఘో' కట్టుకుని, బూట్లతో పార్కులో నడిచినట్టు నడుస్తున్నాడు. ప్రతి మాట చివరా 'లా' అంటాడు, అది మన 'అండీ' లాంటిది. ఫలహారశాలలో టీ తాగుతూ మీదే ఊరు లా అని అడిగాడు. గుంటూరంటే తెలియలేదు. అమరావతి పక్కన అన్నా తెలియలేదు. పాతకాలంలో అమరావతిని ధాన్యకటకం అనేవాళ్లని మావారు అనగానే కప్పు కింద పెట్టేశాడు. "పాల్దెన్ ద్రేపుంగా?" టిబెట్ సంప్రదాయంలో ధాన్యకటకం పేరు అదేనట. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది అక్కడేనని వాళ్ల నమ్మకం. "మీరు రోజూ చూస్తారా లా? ఇప్పుడక్కడ ఏముంది?"

స్తూపం దిబ్బ ఉంది, మ్యూజియం ఉంది, చెక్కిన రాళ్లు చాలావరకు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి అని చెప్పాను. అమరేశ్వరుడి గుడికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. స్తూపం దగ్గరికి ఆఖరుసారి వెళ్లింది పదో తరగతి విహారయాత్రలో. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

తర్వాతి గంట నిటారు దారి. మఠం ఎదురుగా చెయ్యి చాపితే అందేంత దగ్గరలో కనిపిస్తుంది, కానీ మధ్యలో లోయ ఉంది. వందల మెట్లు దిగాలి, జలపాతం పక్కన వంతెన దాటాలి, మళ్లీ ఎక్కాలి. దిగేటప్పుడే నా కుడి మోకాలు మాట్లాడటం మొదలుపెట్టింది. గుమ్మం దగ్గర సంచీ, ఫోను అప్పగించి లోపలికి వెళ్లాం. వెన్న దీపాల వాసన, కాళ్ల కింద చల్లటి చెక్క నేల. గుహ తలుపు ముందు గైడు మూడుసార్లు సాష్టాంగపడ్డాడు. మేమూ దణ్ణం పెట్టుకుని ఓ మూల కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు, ఫోను లేదుగా.

కిందికి వచ్చేసరికి మూడు దాటింది. రాత్రి హోటల్లో వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని ఎర్రబియ్యం అన్నం, ఎమా దత్సీ తిన్నాం. మనం కూరలో మిరపకాయలు వేస్తాం, వాళ్లు మిరపకాయలనే చీజ్‌లో వండి కూర అంటారు. మావారికి కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా మారు వడ్డించుకున్నారు. మర్నాడు పారో అంగడిలో అరకిలో ఎండుమిరపకాయలు కొన్నారు. మిర్చి యార్డున్న గుంటూరుకు భూటాన్ నుంచి మిరపకాయలు మోసుకొచ్చామని మా వీధిలో ఇంకా ఎవరికీ చెప్పలేదు.