ముందు కళ్లెం సడలుతుంది, కొరడా తర్వాత

మెట్లెక్కితే గుండె దడదడలాడేది ఎందుకంటే చాలామంది ‘అడ్రినలిన్’ అనేస్తారు. మొదటి నాలుగు మెట్లకు దానితో పనే లేదు.

గుండె కుడి పై గదిలో లయ పుట్టించే కణాల గుంపు, సైనస్ నోడ్‌ని దాని మానాన వదిలేస్తే నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టిస్తుంది. కూర్చున్నప్పుడు పల్స్ 70 ఉందంటే, మెదడు నుంచి గుండెకు వచ్చి దాన్ని నెమ్మదింపజేసే వేగస్ నరం కళ్లెం బిగించి పట్టుకుందన్నమాట. కాళ్లను కదలమన్న మెదడే ఆ క్షణంలో వేగస్‌నూ సడలమంటుంది. అందుకే కండరాలకు ఆక్సిజన్ చాలకపోవడం అన్నది రాకముందే, ఒకటి రెండు సెకన్లలో పల్స్ లేస్తుంది. 100 దాకా పెరుగుదలలో ఎక్కువ వాటా ఈ సడలింపుదే. ఆ పైన గుండెను పరుగెత్తించే సింపథెటిక్ నరాలు కొరడా అందుకుంటాయి. రక్తంలో తిరిగి వచ్చే అడ్రినలిన్ ఇంకా వెనక.

గుండె మార్పిడి అయినవాళ్లలో, ముఖ్యంగా తొలినాళ్లలో, ఇది స్పష్టంగా కనిపిస్తుంది. నరాలు తెగిపోయి ఉంటాయి కనుక ఊరికే కూర్చున్నా పల్స్ 90 పైమాటే. నడక మొదలెట్టాక నిమిషాలు పట్టి మెల్లగా పెరుగుతుంది, ఆపాక అంతే మెల్లగా దిగుతుంది. వాళ్లకు వార్మప్ ఎక్కువసేపు చేయించేది అందుకే.

పల్స్ చూసుకోవడానికి మెడ నొక్కకండి. అక్కడి కెరోటిడ్ ధమనిలో బీపీని కనిపెట్టే నరాల కొసలుంటాయి. గట్టిగా నొక్కితే బీపీ పెరిగిందనుకుని గుండెను నెమ్మదింపజేస్తాయి. అంకె తప్పొస్తుంది, కొందరికి కళ్లు తిరుగుతాయి కూడా. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. వ్యాయామం ఆపిన వెంటనే అయితే 10 సెకన్లే, ఆరుతో. ఆలోగానే పల్స్ దిగిపోతుంటుంది మరి.

మే నెలలో అదే వేగంతో నడుస్తున్నా అరగంట దాటేసరికి పల్స్ 10-15 ఎక్కువ చూపిస్తే బెంగపడక్కర్లేదు. చెమటతో రక్తంలో నీరు తగ్గుతుంది, మిగిలిన రక్తంలో కొంత చర్మానికి మళ్లుతుంది. ఒక్కో దెబ్బకు గుండె తోసే రక్తం తగ్గి, ఆ లోటును దెబ్బల సంఖ్యతో పూడ్చుకుంటుంది. నీళ్లు తాగి వేగం తగ్గించాలి.

పల్స్ గరిష్ఠంగా ఎంత దాకా వెళ్లొచ్చో చెప్పే ‘220లోంచి వయసు తీసేయ్’ లెక్క పదీ పన్నెండు అటూ ఇటూ తప్పడం మామూలే. బీపీకి, గుండెకు ఇచ్చే మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకైతే అసలు పనికిరాదు, కొరడానే పట్టేస్తాయవి. వాళ్లు ఆయాసాన్ని చూసుకోవాలి: మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

గట్టి వ్యాయామం తర్వాత మెల్లగా నడుస్తూ ఒక నిమిషం చూడండి. పల్స్ కనీసం 12 పడిపోవాలి. ప్రతిసారీ అంతకన్నా తక్కువే దిగుతుంటే డాక్టరుకు చెప్పండి. నడక మాత్రం ఠక్కున ఆపొద్దు. రక్తాన్ని పైకి పిండే పిక్కలు ఆగిపోతే అది కాళ్లలోనే నిలిచి, నిల్చున్నచోటే కళ్లు బైర్లు కమ్ముతాయి.