ఆరో కాగితం కూడా పోయింది

నీటిరంగుల్లో వేస్తున్న బొమ్మ మళ్లీ అదే చోట పాడైంది. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, గోదావరి పాయ వశిష్ఠ ఎర్రనీళ్లు సముద్రాన్ని తాకే గీత మీద. ఆకాశం, లైట్‌హౌస్ బాగానే కుదిరాయి, వాటి గొడవ లేదు.

పావు షీటు, 300 జీఎస్ఎం మందపాటి కాటన్ కాగితం. అల్ట్రామెరైన్‌లో కాస్త బర్న్ట్ సియన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపి సముద్రం పరిచాను. అది తడిగా ఉండగానే రా సియన్నా అనే పసుపుమట్టి రంగుతో వరదనీళ్లు తాకించాలని ప్లాన్. రాజోలులో మా ఇంట్లో మూడు నిమిషాలకే కాగితం మీద మెరుపు తగ్గుతుంది. ఒడ్డున తొమ్మిది నిమిషాలైనా తళతళలాడుతూనే ఉంది. పన్నెండో నిమిషంలో కుంచె ఆనించాను. రెండంగుళాల మేర కాలీఫ్లవర్ లాంటి మరక విచ్చుకుంది. పైగా నీలం నిండా తెల్లటి చుక్కలు.

చుక్కలకి అనుమానం నీళ్ల మీదే. క్యాన్ మర్చిపోయి అక్కడి బోరు నీళ్లే వాడాను, నోట్లో పోసుకుంటే ఉప్పన. ఒక సీసాడు ఇంటికి తెచ్చి రెండు ముక్కల మీద పరీక్ష పెట్టాను. బోరు నీళ్ల ముక్క మీదే చుక్కలొచ్చాయి. కాలీఫ్లవర్ మాత్రం రెండింటి మీదా వచ్చింది! అంటే తప్పు నా కుంచెది. ఉడుత వెంట్రుకల కుంచె ఎన్నిసార్లు గుడ్డకి అద్దినా కడుపులో నీళ్లు దాచుకుంటుంది. ఈ పనికి ఎనిమిదో నంబరు సింథటిక్కే నయం. ఆర్చెస్ అనే ఖరీదైన కాగితం మీద వేద్దామంటే రేటు గుర్తొచ్చి చెయ్యి వణుకుతుంది, చౌకరకం చిత్రపట్ కాగితం మీదైతే ధైర్యంగా పాడుచేసుకోవచ్చు.

ఏడో తరగతిలో మావయ్య సైకిలెక్కించుకుని ఇక్కడికే తీసుకొచ్చాడు. నేను చూసిన మొదటి సముద్రం మట్టిరంగే. బళ్లో అలాగే వేస్తే డ్రాయింగు మాస్టారు దాన్ని కొట్టేసి, "సముద్రం నీలంగా ఉంటుందిరా" అన్నారు. ఇప్పుడు నాకు 52. ఇంకా ఆ మట్టిరంగు దగ్గరే ఉన్నాను. రాజమండ్రి గ్యాలరీలో దామెర్ల రామారావు బొమ్మల ముందు నిలబడితే సిగ్గేస్తుంది, 1925లో పోయేనాటికి ఆయనకి 28 కూడా నిండలేదు.

నిన్న రాత్రి ఫోన్లో ఫొటో పెద్దది చేసి చూశాను. రెండు నీళ్లూ అసలు కలవడమే లేదు. మధ్యలో సన్నగా నురగ గీత ఉంది! ఇన్నాళ్లూ తడి మీద తడి అంటూ లేనిదాని కోసం కొట్టుకున్నానన్నమాట. ఈసారి బియ్యపు గింజ మందం కాగితం పొడిగా వదిలేస్తాను. రంగు అంటకుండా ముందే పూసే మాస్కింగ్ ఫ్లూయిడ్ జోలికి పోను, లాగితే కాగితం తోలు లేస్తుంది.

వరద తగ్గేలోగా ఆదివారం మళ్లీ వెళ్లాలి. రెండు లీటర్ల మంచినీళ్లు ఇప్పుడే బండికి తగిలించాను. ఇది కుదిరితే తర్వాత ఓడలరేవు, అక్కడ గోదావరి ఇంకో పాయ వైనతేయ గీత ఎలా ఉంటుందో చూడాలి.