పాకాల మత్తడి దగ్గర అర సెకను

సముద్రాన్ని చూడాలంటే గంటల తరబడి రైలు ప్రయాణం చేయవలసిన వరంగల్ వాళ్లకు తీరమంటే చెరువు కట్టే. నీటిని ఫొటో తీయడం నేర్చుకోవాలన్న కోరికతో నేను ఎంచుకున్నది నర్సంపేట దాటాక అడవి నడుమ కాకతీయుల కాలంలో కట్టిన పాకాల చెరువు. వానాకాలంలో చెరువు నిండి మత్తడి (అదనపు నీరు పొర్లిపోయే అలుగు) పోస్తోందని కబురు వస్తే చాలు, ట్రైపాడ్ భుజాన వేసుకుని తెల్లవారకముందే బయలుదేరేవాణ్ణి.

ముందుగా అలవాటు చేసుకున్నది పోలరైజర్ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు బిగించి నీటి మెరుపును తగ్గించే అద్దం. కట్ట మీద నిలబడి, దగ్గరి నీటి వైపు కెమెరాను వంచి ఫిల్టర్ రింగును మెల్లగా తిప్పుతుంటే, నీటి మీది తెల్లని మెరుపు క్రమంగా తొలగిపోయి, అడుగున నాచు పట్టిన రాళ్లు, వాటి సందుల్లో మెదిలే చేపపిల్లలు కనిపించసాగాయి. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు పరావర్తనం చెందిన కాంతి దాదాపు పూర్తిగా ధ్రువణం చెంది (ఒకే దిశలో కంపిస్తూ) ఉంటుంది కాబట్టి ఫిల్టర్ ప్రభావం అక్కడే ఎక్కువ. అవతలి గుట్టల ప్రతిబింబాలు పడే చోట మన చూపు నీటికి దాదాపు సమాంతరంగా సాగుతుంది గనుక రింగును ఎంత తిప్పినా పెద్ద తేడా రాదు. ప్రతిబింబాల కోసమే వెళ్లేవారు ఈ ఫిల్టర్‌ను సంచిలోనే ఉంచుకోవచ్చు.

అసలు పరీక్ష మత్తడి దగ్గర ఎదురైంది. మబ్బు పట్టిన ఉదయం, ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే తీరు) 100, ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/8 పెడితే షట్టర్ వేగం సెకనులో 125వ వంతు వచ్చింది. ఆ వేగంతో తీస్తే దూకే నీరు గాజు పెంకుల్లా బిగుసుకుపోయి కనిపించింది. కాంతిని 64 రెట్లు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ బిగించగానే అదే వెలుగులో షట్టర్‌ను అర సెకను తెరిచి ఉంచే వీలు దొరికింది. ఫిల్టర్ బిగించక ముందే ఫోకస్ సరిచూసుకుని మాన్యువల్‌కు మార్చాలి, లేకపోతే చీకటి అద్దంలోంచి లెన్స్ తడుముకుంటూనే ఉంటుంది. ట్రైపాడ్ మీద కుదుపును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపి, వేలి అదురు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాను. తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది కనుక ప్రతి ఫొటోకూ ముందు మెత్తని గుడ్డతో తుడవక తప్పలేదు. మత్తడి పక్కన సగం పని ఈ తుడుపే.

కాంతిని వెయ్యి రెట్లు తగ్గించే ఫిల్టర్‌తో ఎనిమిది సెకన్లు కూడా తీసి చూశాను. నురగ, ధార, రాయిని ఒరుసుకుంటూ మలుపు తిరిగే పాయ అన్నీ కలిసిపోయి తెల్లని పొగలా మిగిలాయి. ఈ మధ్య ఎక్కువగా కనిపించే ఆ పాలనురగ తీరులో నీటి బరువు, దూకుడు పోతాయని నాకనిపిస్తుంది. అర సెకనులో ధారల దారి తెలుస్తుంది, కింద రాళ్ల మీద చిందిన నీటి గీతలు విడివిడిగా ఉంటాయి. నేను ప్రింటు తీయించుకున్నది దాన్నే. ఇంట్లో వాళ్లు మాత్రం ఎనిమిది సెకన్లదే బాగుందన్నారు.