నలభై పలకలు తిరగేశాక దొరికిన ఒక్కటి

నిన్న హార్డ్‌వేర్ షాపులో గంటన్నర నిలబడి ఎర్ర ఓక్ పలకలు ఒక్కొక్కటీ బయటికి లాగి చూశాను. నలభై పక్కన పెట్టి నలభై ఒకటోది తెచ్చుకున్నాను. అక్కడ పనిచేసే కుర్రాడు రెండుసార్లు వచ్చి ఏం చేస్తున్నారని అడిగాడు. విల్లు అంటే నవ్వి వెళ్ళిపోయాడు.

ఈ చాదస్తమంతా మొదటి విల్లు నేర్పిందే. పోయిన వేసవిలో ఇక్కడ అమెరికాలోని కొలంబస్‌లో, మా గ్యారేజీలో పది రోజులు కూర్చుని చెక్కాను. అప్పుడు పలకని అందం చూసి కొన్నాను. మీద గీతలు ఒకదానిలో ఒకటి దూరిన గోపురాల్లా ఉండేవి. టీపాయ్‌కైతే అదిరిపోయేది. నారి ఇరవై అంగుళాలు లాగానో లేదో ఫట్‌మంది. పై బద్ద, అంటే విల్లులో వంగే పై సగం, కలం పాళీలా ఏటవాలుగా చీలింది. గీత పక్కకి జారి అంచు దాటిన చోటే, సరిగ్గా అక్కడే.

ఆ ముక్కని వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. కొవ్వూరులో నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన మనిషి. విల్లు ఎప్పుడూ చెయ్యలేదు. చూడగానే, "గీత మధ్యలోనే బయటికి పోయింది కదరా. వంగే బద్దకి ఇలాంటిది ఎవడైనా పెడతాడా?" అన్నారు.

విల్లు వంచితే మనవైపు నలుగుతుంది, అవతలివైపు సాగుతుంది. నలిగే వైపు పాడైతే సన్నటి ముడతలు పడతాయి, విల్లు నీరసిస్తుంది. సాగే వైపు ఒక్క పేడు లేచిందా, ఇక అంతే. అందుకే ఈ చివర మొదలైన గీత ఆ చివరిదాకా పోవాలి. మీద మాత్రమే కాదు, పక్క అంచుల్లోనూ. నేను మొదటిసారి పక్క చూడనేలేదు. చివర కోతలో కనిపించే వలయాలు (చెట్టు ఏటేటా పెరిగిన గుర్తులు) అడ్డంగా ఉన్నా నిలువుగా ఉన్నా నాకు పట్టింపు లేదు, గీత తిన్నగా ఉంటే చాలు.

ఆ వలయాల్లో ఇంకోటి చూడాలి. ఓక్‌లో వసంతంలో పెరిగిన భాగం రంధ్రాలతో బోలుగా ఉంటుంది, ఆ తర్వాత పెరిగింది గట్టిగా ఉంటుంది. గట్టి పట్టీ వెడల్పుగా ఉన్న పలకే కావాలి. ఒకే కొలతవి రెండు చేతుల్లో పట్టుకుంటే బరువులోనే తేడా తెలిసిపోతుంది. ఆ రంధ్రాలు ఎంత తెరిచి ఉంటాయంటే, విరిగిన ముక్క నుంచి జానెడు కోసి, ఒక కొస నీళ్ళలో ముంచి రెండో కొస నుంచి ఊదితే బుడగలొచ్చాయి. మావాడికి గంటసేపు అదే ఆట. తెల్ల ఓక్‌లో అవి పూడుకుపోయి ఉంటాయి, వైన్ పీపాలకి దాన్ని వాడేది అందుకే.

ఓక్ ఎందుకు, యూ అనే చెట్టు చెక్క వాడొచ్చుగా అని ఒక మిత్రుడు అడిగాడు. నిజమే, 1545లో మునిగిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌లో దొరికిన వందకు పైగా విళ్ళూ యూ చెక్కవే. అది మా వీధి చివర షాపులో దొరకదు. సాగడానికి హికరీ చెక్క ఇంకా మేలు, అదీ దొరకలేదు. పైన్ జోలికి మాత్రం పోను.

నాన్నకి అన్నిటికన్నా కోపం తెప్పించింది కొలత. షాపులో "ఒకటి బై రెండు" అని రాసి ఉంటుంది. టేపు పెడితే ముప్పావు అంగుళం మందం, ఒకటిన్నర వెడల్పు. "మిగతాది ఎవడు తిన్నాడ్రా?" అన్నారు. చిత్రిక పట్టడంలో పోయిందని చెప్పినా నమ్మలేదు. పొడవు మాత్రం పూర్తిగా ఆరడుగులు ఉంది. నేను లాగేది 28 అంగుళాలే కాబట్టి బద్దలకి ఆ పొడవు హాయి.

నలభై ఒకటోదానికీ వంక లేకపోలేదు. ఒక కొసకి మూడు అంగుళాల దూరంలో గుండుసూది తలంత ముడి ఉంది. కొసలు పెద్దగా వంగవు కాబట్టి ఒప్పుకున్నాను. నాన్న మాత్రం ఫోన్‌లో పలకని నాలుగువైపులా తిప్పించి, "ఆ ముడి కిందికి వచ్చేట్టు పెట్టు" అన్నారు. ఎందుకని అడిగితే, "పైన ఉంటే నీ కళ్ళెదురుగా ఉంటుంది, బాణం వదలవు" అన్నారు.

పలక ప్రస్తుతం హాల్లో సోఫా వెనక ఆనించి ఉంది. దానిమీద మా ఆవిడ ఆరేసిన తువ్వాలు ఇందాకే తీశాను.