తగరపువలస బస్సులో విప్పిన తుపాకి

వైజాగ్ వెళ్ళొచ్చి వారం అయింది. బీచ్ మొహం చూళ్ళేదు, కైలాసగిరి ఎక్కలేదు, రెండు రోజుల పెళ్ళిలో ఏ కూర బాగుందని అడిగినా చెప్పలేను. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి తగరపువలస దాకా ఎక్కిన సిటీ బస్సొక్కటే ఇంకా బుర్రలో తిరుగుతోంది.

గోదావరి గంట లేటు. స్టేషన్ నుంచి కాంప్లెక్స్‌కి ఆటోవాడు రెండొందలు అడిగి నూట యాభైకి దిగాడు, అదీ మొహం మాడ్చుకుని. ద్వారకానగర్‌లో టిఫినుకి కూర్చుంటే ప్లెయిన్ దోశ తొంభై. ముక్క తుంచుతుండగా ఎదురుగా ఏటీఎం ముందు డబ్బుల వ్యాను ఆగింది. 12 బోరు తుపాకితో గార్డు దిగాడు. బట్ నేలకి ఆనించి, ఒక అరచెయ్యి గొట్టం మూతి మీద కప్పి, దాని మీద గడ్డం పెట్టుకుని, రెండో చేత్తో ఫోను చూసుకోవడం మొదలెట్టాడు.

దోశ చల్లారిపోయింది. హైదరాబాద్ అమీర్‌పేటలో రోజూ కనిపించే బొమ్మే ఇది, కొత్తేం కాదు. కానీ అలవాటు కాదు. 12 బోరు గొట్టం లోపల సుమారు 18.5 మిల్లీమీటర్లు. అంత దగ్గర్లో గుళ్ళు చెదరడానికి చోటుండదు, మొత్తం ఒకే ముద్దగా పోతాయి. ‘సేఫ్టీ వేసుంది సార్’ అనేది ఈ గార్డులందరి జవాబు. ఆ సేఫ్టీ దేన్ని ఆపుతుందో అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ చిరాకుతోనే తగరపువలస బస్సెక్కాను. ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా, ముందు సీట్లన్నీ నిండిపోయాయి. చివరి వరసలో కిటికీ పక్కన అరవై దాటిన మనిషి, ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా. మోకాళ్ళ మధ్య ఆకుపచ్చ రెక్సిన్ కవరు. తుపాకి కవరని చూడగానే తెలిసింది. పొద్దున్నే ఒకటి చూసింది చాలదా అనుకుంటూ పక్కన కూర్చున్నాను. కూర్చున్నాక పొడవు తేడాగా అనిపించింది. తుపాకి మొత్తం ఉంటే కవరు నాలుగడుగుల దాకా ఉండాలి. ఇది రెండున్నర అడుగులకి కాస్త ఎక్కువ, అంతే. అంటే 30 అంగుళాల గొట్టాలు విప్పి ఒక పక్కన, కర్ర ఒక పక్కన.

“డబుల్ బ్యారెలా బాబాయ్?”

ఆయన నన్ను కిందా మీదా చూశాడు. “నీకెలగ తెలిసిందేటి?”

“పొడుగు చూసి. విప్పి పెట్టారు కదా.”

అప్పుడు మొహం విప్పారింది. శ్రీకాకుళం వైపు ఊరట, ఆర్మీలో పదిహేడేళ్ళు చేసి, లైసెన్సు తుపాకితో బ్యాంకు గార్డుగా కుదిరాడు. మన బ్యాంకుల దగ్గర నిలబడే డబుల్ బ్యారెళ్ళలో గార్డుల సొంతవీ ఉంటాయి. కవరు మీద నా చెయ్యి పెట్టించాడు. రెక్సిన్ మీంచి తడిమితే ఒక అరలో జంట గొట్టాలు, మధ్యలో కుట్టిన అడ్డుగుడ్డ, అవతలి అరలో కర్ర, కింద చెయ్యి పట్టుకునే చెక్క ముక్క విడిగా. తూటాలు లేవు. “రిపేరు కొట్టుకి ఎల్లొత్తన్నప్పుడు తూటా ఎందుకు బాబూ? ఇంట్లో బీరువాలో ఉన్నాయి, తాళం నా మొలతాడుకుంది.”

మద్దిలపాలెం దాటేసరికి సంగతి బయటికొచ్చింది. కిందటి వారం ఇంట్లో తుడిచి, ఖాళీ తుపాకి మూసినప్పుడు లోపల సన్నగా ‘టక్’మందట. ఎవరూ ట్రిగ్గరు ముట్టుకోలేదు, సేఫ్టీ వేసే ఉంది. కుడి గుర్రం, అంటే తూటా అడుగున కొట్టే సుత్తి, దానంతటదే పడింది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ రకం డబుల్ బ్యారెల్లో గుర్రాలు బయటికి కనిపించవు. గొట్టాలు విరిచి తెరిచినప్పుడే లోపల రెండు గుర్రాలూ వెనక్కి ఎక్కి కూర్చుంటాయి. తరవాత తుపాకి మూసి ఉన్నంతసేపూ, ట్రిగ్గరు నొక్కి దించితే తప్ప, అవి ఎక్కే ఉంటాయి. గుర్రానికున్న చిన్న గాడిలో సియర్ అనే కొక్కెం మొన పడి దాన్ని పట్టుకుంటుంది. ట్రిగ్గరు ఆ కొక్కేన్ని లేపుతుంది. బొటనవేలి కింద ఉండే సేఫ్టీ బిళ్ళ అడ్డుకునేది ట్రిగ్గరుని మాత్రమే. కొక్కేన్నీ ఆపదు, గుర్రాన్నీ ఆపదు. గాడి అంచు అరిగినా, కొక్కెం పూర్తిగా లోపల పడకపోయినా, గట్టిగా మూసిన అదురుకే గుర్రం జారుతుంది. ఖరీదైన కొన్ని తుపాకుల్లో జారిన గుర్రాన్ని మధ్యలో అందుకునే రెండో కొక్కెం ఉంటుంది. బ్యాంకు ముందు నిలబడే తుపాకుల్లో దాన్ని ఆశించక్కర్లేదు.

రైఫిళ్ళలోనూ ఈ తేడా ఉంది. 1898 నాటి మౌజర్‌లో సేఫ్టీ రెక్క నేరుగా స్ట్రైకర్‌నే, అంటే తూటాని కొట్టే పిన్నునే, వెనక్కి లాగి పట్టుకుంటుంది. రెక్క నిటారుగా నిలబెడితే స్ట్రైకర్ బందీగా ఉండగానే బోల్టు (గొట్టాన్ని వెనక నుంచి మూసే కడ్డీ) తెరిచి తూటా తీసేయొచ్చు. మన పోలీసుల చేతుల్లో ఏళ్ళ తరబడి ఉన్న .303 లీ-ఎన్‌ఫీల్డ్‌లో కూడా ఎడమ పక్క మీట స్ట్రైకర్ వెనక ముక్కనీ బోల్టునీ కలిపి బిగిస్తుంది. ఎటొచ్చీ అమెరికాలో లక్షల మంది వేటగాళ్ళు కొన్న, 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 దారి వేరు. దాని పాత ట్రిగ్గరులో ట్రిగ్గరుకీ సియర్‌కీ మధ్య కనెక్టర్ అని ఒక విడి రేకు ఉండేది. ట్రిగ్గరుకీ ఆ రేకుకీ సందున ధూళో, గడ్డకట్టిన నూనో చేరితే రేకు పూర్తిగా వెనక్కి రాదు. సేఫ్టీ వేసి ఉన్నంతసేపు అంతా బాగున్నట్టే ఉంటుంది. తీసిన క్షణాన, వేలు దూరంగా ఉన్నా, పేలుతుంది. పైగా 1982 దాకా వచ్చిన వాటిలో సేఫ్టీ తీస్తే గానీ బోల్టు తెరుచుకోదు. అంటే తూటా తీద్దామన్నా ముందు ఆ ప్రమాదపు మీటే కదపాలి. తరవాత ట్రిగ్గరు మార్చారు. కొత్తదానిలో అతికించే జిగురు ఎక్కువైందని 2014లో దాన్నీ వెనక్కి పిలిచారు. అంత పేరున్న రైఫిలుకే ఆ గతి పట్టిందంటే, మూతి మీద గడ్డం పెట్టుకున్న ఆ గార్డుని తలుచుకుని మళ్ళీ ఒళ్ళు మండింది.

“మరి మీ దానికి ఏమైంది?”

“ఏటవుతాది, కొబ్బరి నూనె” అన్నాడు బాబాయ్, తన మీద తనకే కోపంగా. నాలుగేళ్ళ క్రితం పాడేరు బ్రాంచిలో ఉన్నప్పుడు చేతికందింది అదేనట. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకోవడం మొదలెడుతుంది. పాడేరు, లంబసింగి వైపు మార్గశిరంలో ఉండే చలికి కొక్కెం చుట్టూ మైనంలా బిగుసుకుంటుంది. స్ప్రింగు తోస్తుంది గానీ కొక్కెం సగమే దిగుతుంది. సగం అంచు మీద బరువు మోస్తే ఆ అంచు గుండ్రంగా అరుగుతుంది. ఆ తరవాత నూనె ఎంత కడిగినా అరిగింది తిరిగి రాదు. వైజాగ్ ఉప్పుగాలి సంగతి సరేసరి, వారం తుడవకపోతే తుప్పు పొడచూపుతుంది. అందుకని తుపాకిని నూనెలో ముంచేవాళ్ళున్నారు, అదింకో తప్పు. ట్రిగ్గరు యంత్రంలోకి పల్చటి మిషను నూనె ఒక్క చుక్క పోసి, పొడి గుడ్డతో తీసేయాలి. గొట్టానికి కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు గానీ, కాల్చే ముందు లోపల పొడిగా తుడిచెయ్యాలి.

హనుమంతవాక దాటి జూ దగ్గర బస్సు ఆగింది. రోడ్డుకి అటు కంబాలకొండ పచ్చగా ఉంది. ఎక్కిన జనంలో ఒక తల్లి పిల్లాణ్ణి మా మధ్య కూర్చోబెట్టింది. వాడి చెయ్యి సూటిగా కవరు మీదికే పోయింది. “తాతా, దీంతో పులిని కొట్టావా?” 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక అలాంటి మాట సరదాకైనా అనకూడదని వాడికెవరు చెప్తారు? బాబాయ్ నవ్వి, కవరుని కిటికీ వైపు మార్చాడు. మార్చి ఊరుకోలేదు. జిప్పు జానెడు తీసి, వేలితో రెండు గొట్టాల వెనక రంధ్రాలూ తడిమి, మళ్ళీ మూశాడు.

“విప్పేసే ఉంది కదా బాబాయ్, ఇంకా ఏం చూస్తారు?”

“ఇంకో సెయ్యి పడింది కదేటి.”

ఆర్మీలో ‘జాంచ్ శస్త్ర్’ అని తనిఖీకి ఆర్డరు పడగానే బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే ఛాంబరులోకి కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి చూపించేవాళ్ళు. అదీ అలవాటు. వరస కూడా ముఖ్యమే. రైఫిలైతే ముందు తూటాలుండే మ్యాగజైను తీసి, ఆ తరవాతే బోల్టు. తిరగేసి చేస్తే ఛాంబరులో తూటా బయట పడుతుంది, బోల్టు మూసేటప్పుడు మ్యాగజైనులోంచి ఇంకోటి లోపలికి దూరుతుంది. చేసినవాడు ఖాళీ అనే అనుకుంటాడు. ‘ఖాళీ తుపాకి’ పేలిందని పేపర్లో చదివినప్పుడు నాకు ముందు తోచేది ఈ వరసే.

ఎండాడ ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగింది. పాపం బాబాయ్‌కి ఇల్లు చేరడం ఆలస్యం, నాకు మాత్రం లాభం. ఆయన చేసే పరీక్ష మొత్తం చెప్పించుకున్నాను. పేలిపోయిన తూటా డొప్పలు రెండు తీసుకుని, అడుగున క్యాపు ఊడదీసి, ఆ గుంటలో హవాయి చెప్పు రబ్బరు ముక్క బిగించాడు. ఉత్త గొట్టం మీద గుర్రం పడితే పిన్ను మొన విరగొచ్చు, అందుకు. అసలు తూటాతో పొరపాటు పడకుండా డొప్ప నడుం మీద అడ్డంగా చిల్లు పొడిచాడు. మూతి ఇసక బస్తా వైపు పెట్టి, అవి ఎక్కించి, మూసి, సేఫ్టీ వేసి, ముందు ట్రిగ్గరు గట్టిగా లాగి వదలాలి. ముందుది కుడి గొట్టానిది, వెనకది ఎడమది. రెండూ అయ్యాక వేళ్ళు తీసేసి, సేఫ్టీ తియ్యాలి. టక్‌మనకూడదు. తరవాత సేఫ్టీ తీసే ఉంచి, మామూలు బలంతో మూసి చూడాలి. చివరికి బట్‌ని రెండు మూడు అంగుళాల ఎత్తునుంచి రబ్బరు చాప మీద తాటించాలి. ఎక్కడ టక్‌మన్నా ఆ తుపాకిలో ఇంక తూటా పెట్టకూడదు.

ట్రిగ్గరు బరువుకి త్రాసు లేకపోతే లీటరున్నర నీళ్ళ సీసా చాలు. ఖాళీ తుపాకిని మూతి పైకి నిలబెట్టి, ట్రిగ్గరుకి సీసా తాడుతో వేలాడదీస్తే కిలోన్నర బరువు. ముందు ట్రిగ్గరు దానికి దిగకూడదు, వెనకది ఇంకో రెండొందల గ్రాములు ఎక్కువే మొయ్యాలి. మొదటి గొట్టం తన్నిన అదురుకి రెండోది పేలకుండా ఆ ఎక్కువ. పోటీ తుపాకుల లెక్క వేరు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి కనీసం 500 గ్రాములే, 25 మీటర్ల పిస్టల్‌కి 1000. అవి రేంజిలో, బోర్డు వైపే చూస్తూ కాల్చేవి. వాటిని చూసి మామూలు తుపాకి ట్రిగ్గరు తేలిక చేయించుకునేవాళ్ళకి దండం పెట్టాలి.

“కొట్టోడు అదే అన్నాడు బాబూ, ఆకురాయితో రెండు గీతలు గీసెత్తాను, పొద్దు గూకేలోగా ఇచ్చెత్తానని.” బాబాయ్ ఒప్పుకోలేదు. మంచి పని. కొక్కెం మొనకీ గుర్రం గాడికీ పైన సన్నటి గట్టిపొర మాత్రమే ఉంటుంది. ఆకురాయి ఆ పొర దాటిందంటే లోపలిది మెత్తటి ఇనుము, నెలలో మళ్ళీ అరుగుతుంది. కోణం తేడా వస్తే ఇంకా జారుడు. కొత్త సియర్ తెప్పించి అమర్చాలంటే నాలుగు వారాలు, నాలుగు వేల అయిదొందలు. అడ్వాన్సు రెండు వేలు కట్టించుకుని, తుపాకి మాత్రం తిరిగిచ్చేశాడట, వస్తువు వచ్చాక తెమ్మని. లైసెన్సు ఉన్న రిపేరు కొట్లు ఎన్నున్నాయని బేరమాడతాం?

కారు షెడ్డు దాటాక ఇంకో మాట చెప్పాడు. 12 బోరు ఉన్న ఇంట్లో 20 బోరు తూటా, అదే పసుప్పచ్చది, ఉండనే కూడదు. పొరపాటున 12 బోరులో వేస్తే జారి ఛాంబరు అవతల ఇరుక్కుంటుంది. వెనక నుంచి చూస్తే ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. దాని వెనక 12 తూటా పెట్టి కాలిస్తే గొట్టం చీలి ఎడమ చెయ్యి పోతుంది. తూటా తుస్సుమంటే వెంటనే తెరవొద్దని, మూతి అటే ఉంచి కనీసం అర నిమిషం ఆగమని కూడా చెప్పాడు. చెమ్మ తగిలిన మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

మధురవాడలో లేచాడు. జనం తోసుకుంటున్నారు. కవరు కిటికీలోంచి అందిస్తానన్నాను. వద్దని తల ఊపి, నిలువుగా ఒంటికి ఆనించుకుని దారి చేసుకున్నాడు. సోమవారం డ్యూటీ ఎలాగని వెనకనుంచి అడిగాను.

“ఖాళీదే అట్టుకుని నిలబడతాను. మేనేజరుకి సెప్పీసినాను, ఓ లాఠీ ఇప్పించమన్నాను.” మెట్టు మీద నుంచి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, “నాలుగు వారాలే. ఎవులికీ సెప్పకు బాబూ.”

బ్రాంచి పేరు నేనూ అడగలేదు. ఆయన చెప్పిన వీధి పేరు మాత్రం తెలుసు, రాయను.