నలభై ఒక్క సంతకాలు

ఆఫీసులో నా పక్క సీటు అతనిది. ఇరవై తొమ్మిదేళ్ల నల్లజాతి యువకుడు. ఉద్యోగం, కాపురం అట్లాంటాలోనే గానీ సొంతూరు అలబామాలో టస్కీగీ దగ్గర ఒక పల్లె. ఒకరోజు భోజనాల దగ్గర మా అనంతపురం పొలం మాట వచ్చింది. తాత పేరు మీదున్న భూమికి పంపకాలు కాక, మా నాన్న, పెదనాన్న పదేళ్లు మాట్లాడుకోలేదని చెప్పాను. అతను తినడం ఆపి విన్నాడు. "మాదీ అదే గొడవ. జూలైలో మా వాళ్లంతా ఊళ్లో కలుస్తారు. నువ్వూ రా, చూద్దువుగానీ" అన్నాడు.

అలా మొన్న జూలైలో ఒక శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. అతను కారు నడుపుతుంటే పక్కన నేను. వెనక సీట్లో అతని భార్య, నాలుగేళ్ల కూతురు. భార్యకు అప్పుడు ఆరో నెల. ఐ-85 మీద రెండు గంటల ప్రయాణం. జార్జియా దాటి అలబామాలో అడుగుపెట్టగానే ఫోన్‌లో టైము గంట వెనక్కి జరిగింది.

ఓపెలైకా దాటాక రోడ్డు పక్కన ఒకాయన పెద్ద గుండిగలో శెనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతున్నాడు. కారాపాం. పాప ఒక కాయ తీసుకుని, మొనను పంటితో కొరికి, ముందు లోపలి ఉప్పునీళ్లు జుర్రుకుంది. తర్వాతే గింజలు తింది. మా ఊళ్లో మేమూ సరిగ్గా అలాగే తినేవాళ్లం. నాకు ఎవరూ నేర్పలేదు, ఆ పిల్లకూ ఎవరూ నేర్పి ఉండరు.

అదే మాట అంటే మిత్రుడు నవ్వి, "అయితే ముందు కార్వర్ దగ్గరికి వెళ్దాం" అన్నాడు.

టస్కీగీలో నల్లజాతి వాళ్ల కోసం 1881లో బుకర్ టి. వాషింగ్టన్ నడపడం మొదలుపెట్టిన బడే ఇప్పటి టస్కీగీ యూనివర్సిటీ. పాత భవనాల ఇటుకలు ఆనాటి విద్యార్థులే ఆ మట్టితో అచ్చుపోసి కాల్చినవి. ఒక గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. అంచులు అక్కడక్కడా వంకరగా ఉన్నాయి. బానిసగా పుట్టిన జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1896లో ఇక్కడికి వ్యవసాయం నేర్పడానికి వచ్చాడు. ఏళ్ల తరబడి పత్తే వేసి వేసి భూములు సత్తువ కోల్పోయాయి. పంట మార్చండి, శెనక్కాయ వేయండి, అలసంద వేయండి, నేలకు నత్రజని అందుతుంది అని ఆయన చెప్పాడు. 1906లో ఒక బండి కట్టించి పనిముట్లు, విత్తనాలతో పల్లెలకే బడిని పంపారు. 1916లో శెనక్కాయతో 105 రకాల వంటలు చెబుతూ ఆయన ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించాడు. పేద రైతు ఇంట్లో ముందు కడుపు నిండాలన్నది ఆయన ఆలోచన. శెనక్కాయనే నమ్ముకుని బతికిన ఇంట్లో పుట్టినవాణ్ని, ఆయన సమాధి ముందు చెప్పులు విడిచాను. మిత్రుడు నన్ను చూసి తనూ బూట్లు విప్పాడు. పాపకైతే అదొక ఆట అయింది.

తిరిగి కారెక్కేటప్పుడు అతని భార్య ఒక సంగతి చెప్పింది. ఇదే మేకన్ కౌంటీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖ 600 మంది నల్లజాతి మగవాళ్ల మీద ఒక అధ్యయనం నడిపింది. అందులో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉంది. ఆ మాట వాళ్లకు చెప్పలేదు. దాన్ని నయం చేసే పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు. జబ్బు ఎంత దూరం పోతుందో చూస్తూ కూర్చున్నారు. "అందుకే మా ఆయన ప్రతి చెకప్‌కీ నాతో వస్తాడు" అందామె. అమెరికాలో కాన్పు సమయంలో, ఆ తర్వాత చనిపోయే తల్లులు తెల్లవాళ్లకంటే నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అతని దగ్గర ఒక చిన్న నోటుబుక్కు ఉంది. డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు, బీపీ అంకెలు, తేదీలు అన్నీ అందులో రాసుకుంటాడు. ఆఫీసులో అంత నిమ్మళంగా ఉండే మనిషి ఇంత టెన్షన్ మోస్తున్నాడని నాకు అప్పటిదాకా తెలియదు.

పొలం ఊరికి ఇరవై నిమిషాల దూరం. మేం వెళ్లేసరికే డెట్రాయిట్, షికాగో, క్లీవ్‌లాండ్ నుంచి వచ్చిన కార్లు వరసగా ఆగి ఉన్నాయి. 1910 నుంచి 1970 మధ్య దక్షిణాది వదిలి ఉత్తరాదికి, పడమటికి వెళ్లిన 60 లక్షల మంది నల్లజాతి వాళ్లలో వీళ్ల తాతలూ ఉన్నారు. ఆ రాత్రి క్యాట్‌ఫిష్ వేపుళ్లు. శనివారం అందరూ ఒకే రంగు టీషర్టులు. వెనక ఇంటిపేరు, కింద ఆ పొలం కొన్న ముత్తాత పేరు. నాకూ ఒకటి ఇచ్చారు. వంటల బల్ల మీద అలసందల కుండ చూసి ఆగలేక రెండోసారి వడ్డించుకున్నాను. అలసంద, జొన్న, రెండూ ఆఫ్రికా నేల నుంచి వచ్చినవే. అటు బానిసల ఓడలు దిగిన గడ్డ మీదా, ఇటు మా రాయలసీమలోనూ అవే అన్నం పెట్టాయి.

భోజనాలయ్యాక మిత్రుడు ఒక పొడవాటి కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. గాలికి లేవకుండా నాలుగు మూలలా పీచ్ పళ్లు పెట్టాడు. అది వంశవృక్షం. పై కొసన ఒక్క పేరు, అడుగున నలభై ఒక్కటి. ఇరవై ఆరు పేర్ల పక్కన టిక్కులు.

ఆ ముత్తాత కొన్నది 80 ఎకరాలు. ఇప్పుడు మిగిలింది 46. ఆయన వీలునామా రాయలేదు. నల్లవాడు కోర్టు మెట్లెక్కి న్యాయం జరుగుతుందని నమ్మే కాలం కాదది. వీలునామా లేకపోతే భూమి ఉమ్మడిగా వారసులందరిదీ అవుతుంది, తరం మారేకొద్దీ వాటాలు చీలుతూ పోతాయి. ఎక్కడో దూరాన ఉన్న ఒక వారసుడు తన వాటా ఎంతకో అంతకు అమ్మితే చాలు, కొన్న బయటివాడు కోర్టుకెళ్లి మొత్తం వేలం వేయమని అడగొచ్చు. ఆ 34 ఎకరాలు అలా పోయినవే. 1920లో అమెరికాలో దాదాపు 9 లక్షల 25 వేల మంది నల్లజాతి రైతులుండేవారు. 2017 లెక్కల్లో 50 వేలు కూడా లేరు. అప్పులివ్వకపోవడం, బెదిరించడం, మోసం చేయడం, ఊళ్లు వదిలిపోవడం, కారణాలు చాలా. వాటిలో చప్పుడు లేకుండా భూమిని మింగింది ఈ కాగితాల చిక్కు.

ఇప్పుడు కొంత దారి దొరికింది. అలబామా 2014లో చేసిన చట్టం ప్రకారం, వేలానికి ముందు కోర్టు వెల కట్టించి, ఆ వాటా కొనుక్కునే అవకాశం మిగతా వారసులకు ఇవ్వాలి. 2018 వ్యవసాయ బిల్లు వచ్చాక, ఇలాంటి ఉమ్మడి భూమి సాగు చేసేవాళ్లకు కూడా ఫార్మ్ నంబర్ దొరుకుతోంది. ప్రభుత్వ పథకాలకు మన దగ్గర పాసుబుక్కు ఎంత అవసరమో అక్కడ ఆ నంబర్ అంత అవసరం. కానీ మిత్రుడు కోరుకుంటున్నది ఇంకా గట్టి ఏర్పాటు. నలభై ఒక్కమందీ సంతకం పెడితే భూమి ఒక కుటుంబ ట్రస్టు కిందికి వస్తుంది. ఇక ఏ ఒక్కరూ బయటికి అమ్మలేరు.

ఎనభై ఎనిమిదేళ్ల పెద్దావిడ ముందుగా వచ్చి కూర్చుంది. అందరికీ ఆమె ఆంటీ, నాకూ ఆంటీనే. కళ్లద్దాలు తెప్పించుకుంది. అరచేత్తో కాగితాన్ని రెండుసార్లు సాపు చేసింది. పెన్ను కొసను ఏప్రాన్‌కి తుడిచి, ఒక్కో అక్షరం వేరువేరుగా రాసి, చివరి అక్షరానికి పొడవాటి తోక తీసింది. ఆమె చదివింది రోజెన్‌వాల్డ్ బడిలో. షికాగో వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ కొంత డబ్బిస్తే మిగతాది నల్లవాళ్లే డబ్బుగా, కలపగా, కూలిగా పోగుచేసి కట్టుకున్న బళ్లవి. దక్షిణాది అంతటా దాదాపు 5,000 ఉండేవి. "మా నాన్న మన పొలంలో చెట్లు కొట్టి దూలాలు ఇచ్చాడు నాయనా. ఆ దూలాల కిందే నా పేరు రాయడం నేర్చుకున్నా" అంది.

తర్వాత ఆమే టస్కీగీ ఎల్లల కథ చెప్పింది. 1957లో నల్లవాళ్ల ఓట్లు పెరుగుతున్నాయని పట్టణం సరిహద్దును 28 భుజాల ఆకారంలోకి మార్చారు. సుమారు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ బయటపడ్డారు. "మా మేనమామ ఇల్లు కదల్లేదు, ఊరే ఆయన్ని వదిలి జరిగిపోయింది" అంది. 1960లో సుప్రీంకోర్టు అది చెల్లదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద ఆమె గొంతులో ఇప్పటికీ ఎంత గర్వమో!

రాత్రి వరండాలో మిత్రుడు, నేను మిగిలాం. ఎదురుగా రెండు ముసలి పీకాన్ చెట్లు, అక్రూటు లాంటి పప్పు కాసేవి. ఏం చేయాలనుకుంటున్నావని అడిగాను. చీకట్లోకి చూస్తూ చెప్పుకుపోయాడు. పది ఎకరాల్లో పీకాన్ మొక్కలు పెట్టాలట. కాపుకు రావడానికే ఏడెనిమిదేళ్లు, అంటే కడుపులో ఉన్న బిడ్డ బడికి వెళ్లే వయసు. కూతురు ప్రతి వేసవీ ఇక్కడే గడపాలి. చుట్టుపక్కల పిల్లలకు మట్టి పని, లెక్కల పని రెండూ నేర్పే శిబిరం పెట్టాలి. చర్చిలో నెలకో శనివారం లాయర్‌ని కూర్చోబెట్టి ప్రతి ఇంటి చేతా వీలునామా రాయించాలి. "మా వాళ్లకు సేద్యం చేతగాక భూమి పోలేదు. నా పిల్లల కాలానికి ఈ చుట్టుపక్కల కాగితం లేని ఇల్లు ఒక్కటీ ఉండకూడదు" అన్నాడు.

నాకు మాటలు రాలేదు. 1965 దాకా భారతీయులకు అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి వంద మంది. అదే ఏడు ఆగస్టులో ఓటు హక్కు చట్టం, అక్టోబరులో ఆ కోటాలను ఎత్తేసిన వలస చట్టం వచ్చాయి. సమాన హక్కుల కోసం ఈ ఊళ్లలో దెబ్బలు తిన్నవాళ్లు తెరిచిన వాకిట్లోంచే నాలాంటివాళ్లం వచ్చాం. ఆ మాట అతనికి చెప్పాను. "అయితే నువ్వూ ఈ వరండా మనిషివే" అని భుజం తట్టాడు.

ఆదివారం చర్చి అయ్యాక బయల్దేరాం. ఆంటీ నా చేతిలో ఒక సంచీ పీకాన్ పప్పు పెట్టింది. ఆ రెండు చెట్లవేనట. సంతకాలు ముప్పై అయిదుకు చేరాయి. మిగిలిన ఆరుగురిలో ముగ్గురు క్లీవ్‌లాండ్‌లో, ఇద్దరు డెట్రాయిట్‌లో ఉన్నారు. ఒకాయన జాడ ఇంకా దొరకాలి.

ఇంటికొచ్చాక ఆ రాత్రే మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడాను. బుధవారం ఆఫీసులో మిత్రుడు ఫోన్ చూపించాడు. క్లీవ్‌లాండ్ నుంచి ఫొటో. సంతకం, దాని పక్కన తేదీ. నోటుబుక్కు తీసి, బీపీ అంకెల కింద 36 అని రాసుకున్నాడు.